నాకది పడదండీ

పెళ్లి పంక్తి. అరిటాకులు పరిచారు, నీళ్లు చిలకరించారు. పప్పు, కూర, పచ్చడి ఒక్కొక్కటే వచ్చి చేరుతున్నాయి. పులిహోర గిన్నెతో వచ్చిన పెద్దాయన ఓ ఎనిమిదేళ్ల పిల్లవాడి ముందు ఆగాడు. పిల్లవాడు ఆకుకు చెయ్యి అడ్డం పెట్టాడు. “వాడికి పల్లీలు పడవండీ బాబాయ్ గారూ” అంది పక్కనున్న తల్లి. “పల్లీలు ఏరి పక్కన పెడితే సరిపోతుందమ్మా! పెళ్లివారి పులిహోర, ఒక్క ముద్దయినా తినకపోతే ఎలా?” అంటూ ఆయన గరిటె వంచాడు.

ఏ ఊళ్లోనైనా కనబడే దృశ్యమే ఇది. పెద్దాయన మనసులో ఉన్నది ప్రేమే. కొసరి కొసరి వడ్డించడం మన ఇళ్లలో మర్యాద. వద్దన్నవాళ్లకు ఇంకో గరిటె వెయ్యడం ఆప్యాయత. కానీ వేరుశనగ అలర్జీ గట్టిగా ఉన్న పిల్లవాడికి ఏరేసిన పల్లీల వెనక మిగిలిపోయిన పొట్టు, పలుకు కూడా ప్రమాదమే. ఆ క్షణంలో తల్లికి రెండే దారులు కనిపిస్తాయి. నలుగురిలో గట్టిగా కాదని పొగరుబోతు అనిపించుకోవడం ఒకటి, పిల్లవాణ్ణి పంక్తిలోంచి లేపి తీసుకుపోవడం ఇంకొకటి.

ఇవాళ్టి ప్రసంగం మూడో దారి గురించి. పిల్లవాడు పంక్తిలోనే కూర్చుంటాడు. కడుపునిండా తింటాడు. క్షేమంగా ఇంటికెళ్తాడు. పెళ్లికే కాదు, తీర్థయాత్రకూ విమాన ప్రయాణానికీ స్నేహితుల ఇంటికీ అందరిలాగే వెళ్తాడు. ఇది జరిగే పనే. కాకపోతే ఇంట్లోవాళ్లకు కొంత తెలివిడి, బయటివాళ్లకు కొంత పట్టింపు కావాలి.

“పడదు” అన్నది తెలుగులో చాలా బరువు మోసే మాట. అన్నదమ్ములకు పడదంటాం. ఆ ఊరి నీళ్లు పడలేదంటాం. చన్నీళ్ల స్నానం పడదంటాం. పాలు తాగితే కడుపు ఉబ్బరించే మనిషీ “పడవు” అనే అంటాడు, రొయ్య నోట్లో పెడితే గొంతు మూసుకుపోయే మనిషీ “పడవు” అనే అంటాడు. మాట ఒకటే కావడంతో వినేవాళ్లకు రెండూ ఒకే తీరు ఇబ్బందిలా తోస్తాయి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

పాల సంగతే చూద్దాం. పాలలో ల్యాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని అరిగించే ఎంజైము పెద్దయ్యాక చాలామందిలో తగ్గిపోతుంది. దక్షిణ భారతంలో ఇలాంటివాళ్లు ఎక్కువే. వాళ్లకు పాలు తాగితే కడుపులో గుడగుడ, గ్యాసు, విరేచనం. ఇబ్బందే గానీ ప్రాణాంతకం కాదు. చాలామంది పెరుగు హాయిగా తింటారు కూడా. పాల అలర్జీ పూర్తిగా వేరు. అక్కడ తగాదా చక్కెరతో కాదు, పాలలోని ప్రొటీనుతో. ఆ ప్రొటీనును శరీరం శత్రువని పొరబడి యుద్ధం మొదలుపెడుతుంది. అలాంటి పసివాడికి పెరుగు, పనీరు, పాలపొడి కలిసిన బిస్కెట్టు కూడా ముప్పే.

ఈ యుద్ధం ఎలా జరుగుతుందో తెలిసింది ఇద్దరు వైద్యులు తమ ఒంటి మీదే చేసుకున్న ప్రయోగంతో. “అలర్జీ” అన్న మాటను 1906లో వియన్నా పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే పుట్టించాడు. ఆ తర్వాత 15 ఏళ్లకు, 1921లో, అప్పటి జర్మనీ నగరం బ్రెస్లావ్‌లో ఆ ప్రయోగం జరిగింది. హైంజ్ క్యూస్ట్‌నర్ అనే వైద్యుడికి వండిన చేప పడేది కాదు. ఆయన మిత్రుడు కార్ల్ ప్రాస్నిట్జ్‌కు చేపతో ఏ ఇబ్బందీ లేదు. క్యూస్ట్‌నర్ రక్తంలోంచి తీసిన సీరమును ప్రాస్నిట్జ్ తన చర్మంలోకి ఎక్కించుకున్నాడు. మర్నాడు అదే చోట చేప సారాన్ని ఎక్కించుకోగానే అక్కడ దద్దురు లేచింది. మిత్రుడి అలర్జీ తన చర్మంలోకి వచ్చేసింది! అంటే రక్తంలో ఏదో పదార్థం ఈ గుర్తును మోస్తోందన్నమాట. దాని పేరు తేలడానికి మరో 45 ఏళ్లు పట్టింది. 1966లో అమెరికాలో పనిచేస్తున్న జపాన్ దంపతులు కిమిషిగే, తెరుకో ఇషిజాకాలు దాన్ని ఐజీఈ అనే యాంటీబాడీగా గుర్తించారు.

ఒకసారి పల్లీ మీదో రొయ్య మీదో ఐజీఈ పుట్టిందంటే, అది ఒంట్లోని కొన్ని కణాలకు అతుక్కుని కాచుక్కూర్చుంటుంది. మళ్లీ ఆ తిండి లోపలికి రాగానే ఆ కణాలు పగిలినట్టుగా హిస్టమిన్ వంటి రసాయనాలను గుమ్మరిస్తాయి. దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి, ఆయాసం అన్నీ వాటి పనే. మనిషి ఇష్టాయిష్టాలతో దీనికి సంబంధం లేదు. మనసు గట్టి చేసుకుంటే తగ్గేది కాదు, కొంచెం కొంచెంగా ఇంట్లోనే అలవాటు చేద్దామంటే కుదిరేదీ కాదు.

మరి మనలో ఎంతమందికి ఉంది? కర్ణాటకలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2016లో వెలువడింది. పెద్దవాళ్ల రక్తం పరీక్షిస్తే 26.5 శాతం మందిలో ఏదో ఒక ఆహారం మీద ఐజీఈ కనబడింది. అలర్జీ నిజంగా ఉండే అవకాశం ఉన్నవాళ్లు మాత్రం 1.2 శాతమే. ఈ రెండు అంకెల మధ్య దూరాన్ని శ్రోతలు గుర్తుపెట్టుకోవాలి. రక్త పరీక్షలో పాజిటివ్ వచ్చిన ప్రతివాళ్లకూ అలర్జీ ఉన్నట్టు కాదు. ఒకే రక్తపు చుక్కతో పదుల కొద్దీ ఆహారాలకు పరీక్ష చేయించుకుని, కాగితం మీద ఎర్రగీత పడ్డవన్నీ మానేసి, పప్పూ పాలూ గోధుమా గుడ్డూ లేకుండా పిల్లల్ని బక్కచిక్కిస్తున్న ఇళ్లు ఉన్నాయి. అది అనవసరమైన శిక్ష.

సరైన పద్ధతిలో ముందు కథ వినాలి. ఏం తిన్నారు, ఎంతసేపటికి ఏమైంది, మళ్లీ తిన్నప్పుడూ అదే జరిగిందా? ఆ కథను బట్టి డాక్టరు ఒకటి రెండు పదార్థాలకు చర్మ పరీక్షో రక్త పరీక్షో చేయిస్తారు. ఇంకా అనుమానముంటే ఆసుపత్రిలోనే, మందులు పక్కన పెట్టుకుని, ఆ పదార్థాన్ని కొద్దికొద్దిగా తినిపించి చూస్తారు. ఇలా తేల్చుకుంటే చాలాసార్లు జాబితా కురచ అవుతుంది. పది మానేసిన మనిషి ఒకటే మానాల్సి ఉందని తెలిస్తే, మిగతా తొమ్మిదీ కంచంలోకి తిరిగొస్తాయి. తిండిని ఆనందించడం అక్కడ మొదలవుతుంది.

ఇక ఇంటికి వద్దాం. ఒకటి పడదని తేలాక వంటిల్లు తల్లకిందులు కానక్కర్లేదు. ఎక్కడెక్కడ అది దాక్కుంటుందో తెలిస్తే చాలు.

గోధుమ పడని మనిషి చపాతీ మానేస్తాడు. అంతటితో అయిపోయిందనుకుంటాడు. ఉప్మాకు వాడే బొంబాయి రవ్వ గోధుమే. సేమ్యా గోధుమే. మైదా గోధుమే. హైదరాబాద్ హలీంలో మాంసంతో పాటు ఉడికి కలిసిపోయేది గోధుమే. సాంబారులో వేసే ఇంగువ సంగతి చాలామందికి తెలియదు. అసలు ఇంగువ ఘాటు భరించరానిది. అందుకని దానికి జిగురూ పిండీ కలిపి డబ్బాల్లో అమ్ముతారు. చాలా రకాల్లో ఆ పిండి గోధుమపిండే. డబ్బా వెనక చదివితే ఉంటుంది.

ఇంత చెప్పగానే గోధుమ పడనివాళ్లు నీరసపడక్కర్లేదు. తెలుగు నేలకు గోధుమ కంటే దగ్గరి బంధువులు చాలా ఉన్నాయి. తెలంగాణ జొన్నరొట్టె, రాయలసీమ రాగిసంగటి, కొర్ర అన్నం, సజ్జరొట్టె, బియ్యప్పిండి చేగోడీలు, దిబ్బరొట్టె, పెసరట్టు. వీటిల్లో ఎక్కడా గోధుమ లేదు. ఒక్క జాగ్రత్త ఉంది. జొన్నలు పట్టించడానికి వెళ్లే పిండిమరలో అంతకుముందే గోధుమలు ఆడి ఉంటే ఆ పిండి కొంత మన డబ్బాలోకి వస్తుంది. ఇంట్లో చిన్న గ్రైండరు ఉంటే ఆ బాధ తీరుతుంది. లేదా మరవాళ్లకు చెప్పి, ముందుగా కాసిని బియ్యం ఆడించి, ఆ పిండి పక్కన పెట్టి, ఆ తర్వాత జొన్నలు పోయించుకుంటే కలిసేది తగ్గుతుంది. అలర్జీ గట్టిగా ఉన్నవాళ్లకు మాత్రం ఇంటి గ్రైండరే మేలు.

వేరుశనగది ఇంకో కథ. గానుగ నూనెల మీద ఇప్పుడు జనానికి మళ్లీ మోజు కలిగింది. బాగా శుద్ధి చేసిన వేరుశనగ నూనెలో ప్రొటీను దాదాపు మిగలదు. గానుగలో ఆడించిన నూనెలో మిగులుతుంది. రుచికి కారణమైన ఆ గుణమే అలర్జీ మనిషికి హాని చేస్తుంది. హైదరాబాదీ బగారా బైంగన్‌లో, మిర్చీ కా సాలన్‌లో చిక్కదనం వచ్చేది పల్లీ, నువ్వు, కొబ్బరి ముద్దతోనే. హోటల్లో పనీరు కూర తెల్లగా మెత్తగా ఉందంటే అందులో చాలాసార్లు జీడిపప్పు ముద్ద ఉంటుంది.

రొయ్యల గురించి మనవాళ్లు కనిపెట్టిన సంగతి ఒకటి చెప్పుకోవాలి. రొయ్యలో అలర్జీ పుట్టించే ముఖ్యమైన ప్రొటీను ట్రోపోమయోసిన్ అని 1993లో తేల్చిన బృందంలో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన పి.వి. సుబ్బారావు, ఆయన సహచరులు ఉన్నారు. ఈ ప్రొటీను మొండిది, ఎంత ఉడికించినా చావదు. ఉడికించిన నీళ్లలోకి కూడా దిగుతుంది. రొయ్యలు ఉడికిన నీళ్లతో చేసిన పులుసులోంచి రొయ్యలు తీసేసి పెడితే సరిపోదన్నమాట. గోదావరి జిల్లాల్లో తోటకూరలో, గోంగూరలో, వంకాయలో రుచికి నాలుగు ఎండురొయ్యలు వేస్తారు. అక్కడికి చుట్టపు చూపుగా వెళ్లినవాళ్లు ఆకుకూరే కదా అనుకుంటే పొరబాటే. కొందరికి రొయ్యలు వేగుతున్న ఆవిరి పీల్చినా ఆయాసం వస్తుంది.

ఇవన్నీ విన్నాక ఇంట్లో చేసుకోవాల్సిన మార్పులు చిన్నవేనని తెలుస్తుంది. పడని పదార్థానికి వేరే గరిటె, వేరే డబ్బా. ముందు వంట అలర్జీ ఉన్న మనిషికి, ఆ తర్వాత మిగతావాళ్లకు. రొయ్యలు వేయించిన నూనెలో అప్పడాలు వేయించకపోవడం. గుడ్డట్టు వేసిన పెనం మీదే అట్టు పొయ్యకపోవడం. కొన్ని ఇళ్లలో ఆ పదార్థాన్ని గడప దాటి రానివ్వరు. పసిపిల్లలున్నచోట అదే తేలిక. పల్లీ చట్నీ లేని ఇడ్లీ ఏం ఇడ్లీ అని బెంగపడేవాళ్లకు అల్లం పచ్చడి ఉంది, టమాటా పచ్చడి ఉంది, కొబ్బరి చట్నీ ఉంది, కారప్పొడీ నెయ్యీ ఉన్నాయి.

దుకాణం సరుకుకు వద్దాం. మన ఆహార భద్రతా సంస్థ 2020లో తెచ్చిన లేబుల్ నిబంధనల ప్రకారం ప్యాకెట్టు మీద కొన్నిటిని విడిగా చెప్పి తీరాలి. గోధుమ వంటి గ్లూటెన్ ధాన్యాలు, రొయ్యలు పీతల జాతి, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ, జీడిపప్పు బాదం వంటి గింజలు, సోయా, కిలోకు పది మిల్లీగ్రాములు, అంతకు మించి ఉన్న సల్ఫైటు. పది, అంతకు మించి శాఖలున్న హోటళ్లు కూడా మెనూలో వీటిని చూపించాలి. ప్యాకెట్టు మీది ఆకుపచ్చ చుక్క శాకాహారమని మాత్రమే చెబుతుంది. పాలు లేవని చెప్పదు, పల్లీలు లేవని చెప్పదు.

ఈ జాబితాలో నువ్వులు లేవు. ఆవాలూ లేవు. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులు తప్పనిసరి జాబితాలో చేరాయి. యూరప్ జాబితాలో 14 ఉన్నాయి, వాటిల్లో నువ్వులూ ఆవాలూ రెండూ ఉన్నాయి. సంక్రాంతికి అరిసెల మీద అద్దేది నువ్వులు, తెలంగాణ సకినాల్లో పడేది నువ్వులు, చిమ్మిలి అంతా నువ్వులు, ఆవకాయలో పోసేది నువ్వుల నూనె, కలిపేది ఆవపిండి. ఇంతగా నువ్వు తినే దేశంలో ప్యాకెట్టు మీద దాని పేరు విడిగా లేకపోవడం న్యాయం కాదు. పైగా లేబుల్ హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటే చట్టానికి చాలు. తెలుగు మాత్రమే చదవగల అమ్మమ్మ మనవడికి బిస్కెట్టు ప్యాకెట్టు విప్పేటప్పుడు ఆ అక్షరాలు ఆమెకు ఏమీ చెప్పవు. ఈ రెండూ మారాలి.

లేబుల్ మీద ఒక్క మాట లేకపోతే ఏమవుతుందో బ్రిటన్ చూసింది. 2016 జులైలో నటాషా ఎడ్నాన్ లాపెరూజ్ అనే 15 ఏళ్ల అమ్మాయి తండ్రితో, స్నేహితురాలితో లండన్ నుంచి ఫ్రాన్సులోని నీస్‌కు సెలవులకు బయల్దేరింది. నువ్వులు పడవని ఆమెకు తెలుసు. విమానాశ్రయంలో కొన్న రొట్టె పొట్లం మీద నువ్వుల ప్రస్తావన లేదు. నువ్వులు రొట్టెపిండిలోనే కలిసి ఉన్నాయి. విమానంలోనే పరిస్థితి విషమించింది. తండ్రి రెండు ఇంజెక్షన్లు ఇచ్చినా ఆమె దక్కలేదు. ఆ తల్లిదండ్రులు దుఃఖంలోనే పోరాడారు. 2021 అక్టోబరు 1 నుంచి బ్రిటన్‌లో, దుకాణంలోనే తయారుచేసి కట్టిపెట్టి అమ్మే తిండి మీద కూడా అన్ని దినుసుల పేర్లూ రాసి తీరాలి. ఆ చట్టాన్ని నటాషా పేరుతోనే పిలుస్తారు.

అలాగని ప్రయాణాలు మానుకోవాలా? అక్కర్లేదు. ఈ విషయంలో తెలుగువాళ్లకు తాతల నాటి అలవాటు ఒకటి ఉంది. రైలెక్కే ముందు పులిహోర, దద్దోజనం, పొడి చల్లిన ఇడ్లీలు కట్టుకెళ్లడం. పల్లీలు వెయ్యని పులిహోర ఇంట్లో కలుపుకుని వెళ్తే ఒక పూట గడిచిపోతుంది, అదీ రుచిగా. రైలు పెట్టెలో పక్కవాళ్లు ప్రేమగా పల్లీ చిక్కీ చేతిలో పెడతారు కాబట్టి, పిల్లలకు “అమ్మనడిగి తింటానండీ” అనే మాట ముందే నేర్పాలి.

పొరుగూరు వెళ్లినప్పుడు పదార్థం పేరు మారుతుందని మరిచిపోకూడదు. కోస్తాలో వేరుశనగ, తెలంగాణలో పల్లి, రాయలసీమలో శనక్కాయ, కర్నూలు, అనంతపురం వైపు కొన్నిచోట్ల బుడ్డలు. “వేరుశనగ వేశారా?” అని అడిగితే “లేదండీ” అన్న వంటమనిషే “బుడ్డలు వేశారా?” అంటే “వేశాం” అనవచ్చు. ఆయన అబద్ధం చెప్పలేదు. మనం అడిగిన మాట ఆయన వంటింటి మాట కాదు. తమిళనాడులో వేర్కడలై, కర్ణాటకలో కడలేకాయి, మహారాష్ట్రలో శేంగదాణా, హిందీ ప్రాంతాల్లో మూంగ్‌ఫలీ. శిరిడీ, నాసిక్ వెళ్లే యాత్రికులు ఉపవాసం తిండి కదా, తేలిగ్గా ఉంటుందని సగ్గుబియ్యం కిచిడీ తీసుకుంటారు. అందులో వేయించి దంచిన పల్లీపొడి ఉంటుంది.

విదేశాలకు వెళ్లేవాళ్లు వాడే ఉపాయం ఒకటి ఉంది. జేబులో పట్టే చిన్న కార్డు. “నాకు ఫలానాది తింటే ప్రాణాపాయం. వంటలో గానీ నూనెలో గానీ గరిటెకు గానీ అది తగిలి ఉంటే దయచేసి చెప్పండి” అని అక్కడి భాషలో రాయించుకుంటారు. హోటల్లో సర్వరుతో నోటిమాటగా చెప్పే కన్నా ఆ కార్డును వంటవాడికి పంపడం మేలు, ఎందుకంటే నూనె మార్చాలా వద్దా అన్నది తేల్చేది అతనే. రద్దీ లేని వేళకు వెళ్తే అతనికీ వినే తీరిక ఉంటుంది. ఈ కార్డు మన దేశంలోనూ పనికొస్తుంది. తిరువనంతపురంలో మలయాళంలో, కాశీలో హిందీలో చూపించవచ్చు.

ఏ దేశంలో ఏది ఎక్కువ తింటారో ముందే తెలుసుకుంటే సగం పని అయినట్టే. థాయ్ వంటలో పల్లీలు, చేప సాసు. జపాన్‌లో సోబా అనే బక్‌వీట్ నూడుల్స్, అక్కడి తప్పనిసరి లేబుల్ జాబితాలో బక్‌వీట్ అందుకే ఉంది. అరబ్బు దేశాల హమ్మస్‌లో నువ్వుల ముద్ద. అమెరికా చట్టం వచ్చాక అక్కడి కొన్ని రొట్టెల కంపెనీలు నువ్వులు కలవకుండా యంత్రాలు శుభ్రం చేసే బదులు, నువ్వులే కలిపి లేబుల్ మీద రాసేశాయి. కొడుకో కూతురో ఉన్న ఊరికి ఏటా వెళ్లే తల్లిదండ్రులు నిరుడు తిన్న రొట్టేనని ఈ ఏడు చదవకుండా తినకూడదు.

విమానంలో మందుల సంచి చేతిలోనే ఉండాలి. లగేజీలో వేస్తే ఆకాశంలో అది అందదు. డాక్టరు రాసిన కాగితం జతచేస్తే తనిఖీ దగ్గర ఇబ్బంది ఉండదు. టికెట్టు కొన్నప్పుడే అలర్జీ సంగతి చెప్పడం, కూర్చోగానే ముందున్న బల్లను తడి కాగితంతో తుడుచుకోవడం, సొంత తిండి తీసుకెళ్లడం అలవాటు చేసుకుంటే ఆ కొన్ని గంటలు కిటికీలోంచి మబ్బులు చూస్తూ గడపవచ్చు.

గుడికి వెళ్లినప్పుడు? తిరుపతి లడ్డూలో శనగపిండి, చక్కెర, నెయ్యితో పాటు జీడిపప్పు ఉంటుంది. జీడిపప్పు పడని పిల్లవాడు ప్రసాదాన్ని రెండు చేతులా అందుకుని, కళ్లకద్దుకుని, నాన్న చేతిలో పెట్టి, చేతులు కడుక్కోవచ్చు. భక్తికి లోటేమీ రాదు. ఈ మాట ఇంట్లో పెద్దలు ముందుగా చెబితే పిల్లవాడికి తప్పు చేసినట్టు అనిపించదు.

బడి సంగతి పెద్దలు మరిచిపోతుంటారు. మధ్యాహ్నం డబ్బాలు విప్పగానే పంచుకోవడం పిల్లల లోకంలో స్నేహానికి గుర్తు. చొక్కా అంచు అడ్డం పెట్టి కొరికి ఇచ్చే కాకి ఎంగిలి రుచి ఎరగని తెలుగు పిల్లలు తక్కువ. అలర్జీ ఉన్న పిల్లవాడు ఒంటరిగా మూలన కూర్చుని తినకూడదు. దోస్తులకు వాడి సంగతి తెలిస్తే వాళ్లే కాపలా కాస్తారు. టీచరుకు కాగితం మీద రాసివ్వాలి: ఏది పడదు, ఏమైతే ఏం చెయ్యాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి. పుట్టినరోజు నాడు పంచే చాక్లెట్లకు బదులుగా వాడు తినగలిగినవి కొన్ని టీచరు బీరువాలో ముందే ఉంచితే ఆ రోజు వాడూ అందరితో పాటు నోరు తీపి చేసుకుంటాడు.

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక్కోసారి పొరబాటు జరుగుతుంది. అప్పుడు చెయ్యవలసింది ఇంట్లో అందరికీ నోటికి వచ్చి ఉండాలి. తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపల ఒళ్లంతా దద్దుర్లు, ముఖం, పెదవులు, నాలుక వాపు, గొంతు బొంగురుపోవడం, ఆగని దగ్గు, ఆయాసం, వాంతులు, కళ్లు తిరగడం కనబడితే అది అనఫిలాక్సిస్ కావచ్చు. దిష్టి తగిలిందనో అజీర్తి అనో కూర్చోకూడదు. దీనికి మొదటి మందు అడ్రినలిన్ ఒక్కటే, తొడ బయటి వైపు కండరంలో ఇచ్చే ఇంజెక్షన్. దురదకు వేసుకునే సిట్రిజిన్ మాత్ర దద్దుర్లను తగ్గిస్తుందేమో గానీ మూసుకుపోతున్న గొంతును తెరవదు.

పాశ్చాత్య దేశాల్లో బట్టల మీదుగానే తొడకు గుచ్చుకునే అడ్రినలిన్ పెన్నులు వాడతారు. అవి మన మందుల షాపుల్లో సులువుగా దొరకవు. అందుకని ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లు అలర్జీ డాక్టరును కలిసి, ఇంట్లో ఏ రూపంలో ఉంచుకోవాలో, బరువును బట్టి ఎంత మోతాదో, ఎలా గుచ్చాలో నేర్చుకుని ఉండాలి. మనిషిని పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తు మీద పెట్టాలి. ఆయాసం ఎక్కువగా ఉంటే కూర్చోనివ్వాలి. లేపి నడిపించకూడదు. 108కి ఫోన్ చెయ్యాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ సేవ ఇలాంటి క్షణాలకే ఉంది. ఫోన్‌లో “తిండి అలర్జీ, ఆయాసం వస్తోంది” అని స్పష్టంగా చెప్పాలి. కాస్త తేరుకున్నా ఆసుపత్రిలో కొన్ని గంటలు ఉండాల్సిందే. కొందరిలో ఇది తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది.

చంటిపిల్లల తల్లులకు ఒక మంచి వార్త. పల్లీ, గుడ్డు వంటివి పిల్లలకు ఎంత ఆలస్యంగా పెడితే అంత మంచిదని ఒకప్పుడు డాక్టర్లే చెప్పేవారు. లండన్ వైద్యుడు గిడియన్ లాక్ బృందానికి ఒక అనుమానం వచ్చింది. బ్రిటన్‌లోని యూదు పిల్లల్లో వేరుశనగ అలర్జీ, ఇజ్రాయెల్‌లోని యూదు పిల్లల్లో కన్నా పది రెట్లు ఎక్కువ. ఇజ్రాయెల్ పసిపిల్లలు పల్లీతో చేసిన బాంబా అనే మెత్తటి చిరుతిండిని ముందునుంచీ తింటారు. దాంతో 640 మంది పసివాళ్లను తీసుకుని, సగం మందికి తొలి ఏడాది నుంచే పల్లీ పదార్థాలు పెట్టించారు, సగం మందికి మాన్పించారు. 2015లో వచ్చిన ఫలితం పాత సలహాను తిరగేసింది. ముందుగా తిన్న పిల్లల్లో అయిదో ఏటికి ఆ అలర్జీ సుమారు 81 శాతం తక్కువ.

మన ఇళ్లలో ఆరో నెల అన్నప్రాశన ఆనవాయితీ. ఆ వేడుక తర్వాత నెమ్మదిగా మెత్తటి పప్పు, ఉడికిన గుడ్డు, నీళ్లగా చేసిన పల్లీ ముద్ద ఒక్కొక్కటే మొదలుపెట్టడానికి అది అనువైన సమయం. పల్లీ గింజ మాత్రం పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడుతుంది. ఒంటి మీద తీవ్రమైన గజ్జి వంటి పొక్కులున్న పసివాళ్లకూ, ఇప్పటికే దేనికో అలర్జీ కనబడ్డ వాళ్లకూ పిల్లల డాక్టరును అడిగాకే ఇవ్వాలి. పాలు, గుడ్డు అలర్జీలు చాలామంది పిల్లల్లో పెరిగేకొద్దీ తగ్గిపోతాయి. వేరుశనగ, జీడిపప్పు, రొయ్యలవి ఎక్కువగా ఉండిపోతాయి. అందుకే ఏడాదికోసారైనా డాక్టరు దగ్గర సరిచూసుకోవడం మంచిది. నిరుడు పడనిది ఈ ఏడు పడవచ్చు.

మొదట చెప్పుకున్న పెళ్లి పంక్తికి తిరిగి వెళ్దాం. ఆ పెద్దాయన దగ్గర ప్రేమకు లోటు లేదు. ఆయనకు తెలియాల్సిన సంగతి ఒకటి తెలియలేదు, అంతే. తెలిసుంటే పులిహోర గిన్నె పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, అదే ఆప్యాయతతో వేరే గరిటెతో పప్పూ నెయ్యీ కొసరి వడ్డించేవాడు. వంటవాళ్లకు ముందుగా చెప్పి ఉంటే పోపులో పల్లీల బదులు మినప్పప్పు వేసిన పులిహోర ఒక చిన్న గిన్నెలో విడిగా ఉండేది.

శుభకార్యం తలపెట్టిన శ్రోతలందరికీ ఒక విన్నపం. పిలుపులకు వెళ్లినప్పుడు “తప్పకుండా రావాలి” అన్నాక ఇంకో మాట అడగండి: “మీ ఇంట్లో ఎవరికైనా పడనివి ఉన్నాయా?” వచ్చిన జవాబు వంటమేస్త్రీకి చేరవెయ్యండి. భోజనాల దగ్గర వంటకాల పేర్లు రాసే బోర్డు మీద పల్లీ, నువ్వు, జీడిపప్పు, రొయ్య, గుడ్డు, పాలు, గోధుమల్లో ఏది దేనిలో ఉందో తెలుగులో రాయించండి. ఎవరైనా “నాకది పడదండీ” అంటే గరిటె అక్కడే ఆపండి.